చెయ్యి ఎవరిది? విగ్రహం ఎవరిది? – రామ్ సుతార్ శిల్పం గురించి కొన్ని ప్రశ్నలు

రామ్ సుతార్ 2025 డిసెంబర్ 17న నోయిడాలోని తన ఇంట్లో చనిపోయాడు. నూరేళ్లు బతికాడు. చివరిదాకా మట్టి పిసికిన మనిషి. ఆయన పోయినప్పుడు పత్రికలన్నీ ఎక్కువగా రాసింది ఎత్తుల గురించే. పటేల్ 182 మీటర్లు, అంబేద్కర్ 125 అడుగులు, ఇంకా నిలబడాల్సిన ఇందూ మిల్లు అంబేద్కర్ 350 అడుగులు. శిల్పిని టేపు పెట్టి కొలవడం మనకి అలవాటైపోయింది. ఆ కొలతల వెనక ఒక కులం ఉంది, ఒక పనిముట్టు ఉంది, డబ్బు కట్టిన ఒక యజమాని ఉన్నాడు. వీటి గురించి మాట్లాడకుండా సుతార్ శిల్పం గురించి మాట్లాడటం కుదరదని నేననుకుంటున్నాను.

ఈ విషయం మనకెందుకు అని అడగొచ్చు. ఈ దేశంలో పల్లెపల్లెనా, వాడవాడనా నిలబడ్డ శిల్పం అంబేద్కర్‌ది. దేవుళ్లని పక్కన పెడితే, ఇంతమంది ఇంత ఇష్టంగా తమ డబ్బుతో చేయించుకున్న శిల్పం ఇంకోటి కనబడదు. అయినా మన కళావిమర్శలో దానికి ఒక్క పేజీ కూడా లేదు. శాంతినికేతన్ ఉంది, బరోడా ఉంది, చోళమండలం ఉంది. పల్లె మొగదాల నిలబడ్డ నీలంకోటు సిమెంటు విగ్రహం మాత్రం శిల్పం కాదు, 'బొమ్మ'. సుతార్‌ని చదవడం ఈ మౌనాన్ని చదవడానికి ఒక దారి. ఎందుకంటే ఆయన అకాడమీలో చదివిన శిల్పి, ప్రభుత్వాల శిల్పి, అదే సమయంలో చేతివృత్తి కులంలోంచి వచ్చినవాడు. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసినప్పుడు మన సౌందర్యశాస్త్రం అతుకులు బయటపడతాయి.

సుతార్ 1925 ఫిబ్రవరి 19న మహారాష్ట్ర ధూలే జిల్లా గోందూరులో పుట్టాడు. తండ్రి వడ్రంగి. మరాఠీలో సుతార్ అంటేనే వడ్రంగి. అంటే ఆయన ఇంటిపేరే ఆయన వృత్తి, ఆయన కులం. ఊళ్లో వడ్రంగి చేసే పని మనందరికీ తెలుసు. నాగలి, కాడి, బండి చక్రం, గుమ్మం, ఉయ్యాల, చివరికి పాడె కర్ర. గుళ్లో రథం కూడా ఆయన చేసిందే. చేసినదాని మీద పేరు ఉండదు. కల్లంలో కొలిచిన గింజలే మజూరీ. ఇంత పోలిక తెలిసిన చెయ్యి, ఇంత కొలత తెలిసిన కన్ను ఊళ్లో ఉన్నా, దాన్ని ఎవరూ కళ అనలేదు. కళ అంటే పని నుంచి విడిపోయి తీరిగ్గా ఉన్నవాడిది అనే భావం మనలో అంత లోతుగా పాతుకుపోయింది.

ఆ పిల్లాడి చేతిని గుర్తించింది ఒక గురువు. శ్రీరామ్ కృష్ణ జోషి అనే ఆయన ప్రోత్సాహంతో సుతార్ బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి చేరాడు. 1953లో మోడలింగ్‌లో మేయో బంగారు పతకం తెచ్చుకున్నాడు. ఇంగ్లీషువాళ్ల కాలంలో, 1857లో పుట్టిన ఆ బడి నేర్పింది యూరప్ అకాడమీ పద్ధతి. మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని ఎముక, కండ, బట్ట మడత ఉన్నదున్నట్టు తేవడం. సుతార్ శిల్పం జీవితాంతం ఆ బడి గీసిన గీత దాటలేదు. పోలిక తేవడమే ఆయన బలం, ఆయన హద్దు కూడా అదే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. మా తాత చెప్పులు కుట్టేవాడు, కపిల బాన కుట్టేవాడు, డప్పుకి తోలు బిగించేవాడు. ఏ తోలు ఎంత నానాలో, ఏ సెగకి ఎంత మోగుతుందో ఆయన వేళ్లకి తెలుసు. యూనివర్సిటీలో నేను చదివిన కళాచరిత్రలో రాయి ఉంది, కంచు ఉంది, మట్టి ఉంది, కర్ర ఉంది. తోలు లేదు. తోలుబొమ్మలు ఉన్నాయి గదా అంటారు. ఉన్నాయి, వాటిని 'హస్తకళ' అనే వేరే గదిలో పెట్టారు. కాబట్టి సుతార్ ప్రయాణాన్ని చూసి 'మనవాడు పైకొచ్చాడు' అని తొందరపడి చంకలు గుద్దుకోవడం నాకు చేతకావడం లేదు. వడ్రంగికీ మాదిగకీ మధ్య ఊరికీ పల్లెకీ మధ్య ఉన్నంత దూరం ఉంది. వడ్రంగికి విశ్వకర్మ ఉన్నాడు, చాలాచోట్ల జంధ్యం కూడా ఉంది. ఆర్ట్ స్కూలు తలుపు ఉలికి కష్టం మీదైనా తెరుచుకుంది, ఆరెకి తెరుచుకోలేదు. బహుజన ఐక్యత గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాని దాచిపెట్టి లాభం లేదు. అయితే ఆ తేడాని చూపించి సుతార్ దాటిన దూరాన్ని తక్కువ చేయడం కూడా న్యాయం కాదు.

చదువయ్యాక ఆయన చేసిన మొదటి ఉద్యోగం నాకు చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. 1954 నుంచి 1958 దాకా ఔరంగాబాదులో పురావస్తు శాఖలో పనిచేసి, ఎల్లోరాలో దెబ్బతిన్న శిల్పాల మరమ్మతు చూశాడు. ఎల్లోరా 10వ గుహ బౌద్ధ చైత్యం. దాని పైకప్పు రాతిదే అయినా, చెక్క దూలాలు వరసగా పేర్చినట్టు చెక్కారు. అందుకే దానికి జనం పెట్టుకున్న పేరు 'సుతార్ కా ఝోంప్డా', వడ్రంగి గుడిసె. లోపల స్తూపం ముందు కూర్చున్న బుద్ధుడినే వడ్రంగులు తమ విశ్వకర్మ అనుకుని కొలిచేవారు. రాజుల పేర్లు, సన్యాసుల పేర్లు చెప్పుకునే చరిత్ర ఒకటైతే, రాతిని చూసి 'ఇది మావాడి చేతిపని' అని గుర్తుపట్టిన జనం చరిత్ర ఇంకొకటి. ఇరవయ్యో శతాబ్దంలో సుతార్ అనే పేరున్న మనిషి ఆ కొండకే వచ్చి, పేరులేని పాత చేతులు చెక్కినదాన్ని బాగుచేశాడు. ఆయన అసలు విద్యాలయం బొంబాయి ఒక్కటే కాదని దీన్నిబట్టి నాకనిపిస్తుంది.

ఆ తర్వాత కొద్దికాలం ఢిల్లీలో కేంద్ర సమాచార శాఖ కింద నమూనాలు చేసే ఉద్యోగం. 1959లో దాన్ని వదిలేసి సొంతంగా శిల్పిగా నిలబడ్డాడు. పేరు తెచ్చిన పని గాంధీసాగర్ ఆనకట్ట దగ్గర 45 అడుగుల చంబల్ దేవి. ఒకే కాంక్రీటు దిమ్మె నుంచి చెక్కిన తల్లి, ఆమె దగ్గర ఇద్దరు పిల్లలు. ఆ పిల్లలు నీళ్లు పంచుకునే మధ్యప్రదేశ్, రాజస్థాన్. కాంక్రీటు అంటే పోత పోసేది, ఇంజనీర్ల సరుకు. దాన్ని రాయిలాగా ఉలితో చెక్కాడంటే అది వడ్రంగి మొండితనం. నా దృష్టిలో సుతార్ పనుల్లో ఇప్పటికీ పెద్దది ఇదే. ఆ తర్వాతివాటిలో ఎత్తు పెరిగింది గానీ చేతి గుర్తు తగ్గింది.

దానికి ముచ్చటపడి నెహ్రూ ఇంకో పని చేయించాలనుకున్నాడు. భాక్రా ఆనకట్ట కట్టిన కూలీల గౌరవార్థం 50 అడుగుల కంచు శిల్పం. అది లేవలేదు. డబ్బులు లేవన్నారు. ఈ ఒక్క సంగతి దగ్గర ఆగి ఆలోచించాలి. అదే శిల్పి, అదే చెయ్యి. కూలీకి 50 అడుగుల కంచు పోయడానికి ఈ రాజ్యం దగ్గర డబ్బు లేదు. 2018 అక్టోబర్ 31 నాటికి అదే శిల్పి రూపకల్పనతో 182 మీటర్ల పటేల్‌ని నిలబెట్టడానికి దాదాపు 3 వేల కోట్లు ఉన్నాయి. దాని పైపొర కంచు పలకలు చైనాలో పోత పోసుకొచ్చారు. చుట్టుపక్కల ఆదివాసీ గ్రామాలు ఆరోజు పొయ్యి వెలిగించకుండా నిరసన తెలిపాయి. సుతార్ జీవితంలో కట్టని ఆ శిల్పం కట్టినవాటన్నిటి కంటే ఎక్కువ మాట్లాడుతుంది.

దీనికి ఆధునిక కళావిమర్శకుల జవాబు సిద్ధంగా ఉంటుంది. 'సుతార్ ఆర్డరు శిల్పి. ఎవరు డబ్బిస్తే వాళ్ల నాయకుణ్ణి చేశాడు. పార్లమెంటు ఆవరణలో ధ్యానంలో కూర్చున్న గాంధీ ఆయనే, శివాజీలు ఆయనవే, పటేల్ ఆయనే, అంబేద్కర్ ఆయనే. సొంత చూపు ఏది?' ఈ విమర్శలో నిజం ఉంది. కానీ దానిలో కులం వాసన కూడా ఉంది. సొంత చూపు కోసం ఎవరూ అడగకపోయినా బొమ్మ చేసుకునే వెసులుబాటు ఎవరికి ఉంటుంది? వెనక భూమి ఉన్నవాడికి, నెలజీతం ఉన్నవాడికి. చేతివృత్తి కులాలకి పని అంటేనే ఒకరు అడగడం, వీళ్లు చేసిపెట్టడం. సుతార్ ఆ సంబంధాన్నే ఊరి నుంచి ఢిల్లీకి తీసుకెళ్లాడు. నాగలి అడిగిన రైతు స్థానంలో విగ్రహం అడిగిన మంత్రి వచ్చాడు.

రామ్‌కింకర్ బైజ్ లేడా అంటారేమో. ఉన్నాడు. బాంకురాలో పేద మంగలి ఇంట్లో పుట్టి, శాంతినికేతన్‌లో 1938లో ఎవరి ఆర్డరూ లేకుండా సంతాల్ కుటుంబాన్ని ఆరుబయట నిలబెట్టాడు. తట్టలో బిడ్డని మోస్తూ నడిచిపోయే కూలీలు. సరుకు సిమెంటూ ఎర్ర గులకరాయీ. మన దేశంలో ఆధునిక శిల్పానికి మొదటి అడుగు అదేనని విమర్శకులు ఒప్పుకున్నారు. సంతోషం. నా ప్రశ్న ఇంతే: శాంతినికేతన్ ఆవరణలో సిమెంటు శిల్పమైనప్పుడు, మాదిగపల్లెలో సిమెంటు బొమ్మ ఎట్లా అయింది? సరుకులో తేడా లేదు. తేడా అంతా అది నిలబడ్డ నేలలో ఉంది.

ఇప్పుడు మన విగ్రహం దగ్గరికి వద్దాం. పల్లెల్లో మనం చూసే అంబేద్కర్‌కి ఒక మూలం ఉంది. బి.వి. వాఘ్ చేసిన కంచు విగ్రహం 1967 ఏప్రిల్ 2న పార్లమెంటు ఆవరణలో నిలబడింది. చాచిన కుడిచెయ్యి, చూపుడువేలు, ఎడమచేతిలో రాజ్యాంగం. ఆ నమూనా దేశమంతా పాకింది. మన దగ్గర కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత, అంబేద్కర్ శతజయంతి ఊపులో అది పల్లెపల్లెకీ చేరింది. తెనాలి, కొత్తపేట లాంటి చోట్ల శిల్పశాలల్లో అచ్చులు తయారయ్యాయి. నకలు మీద నకలు పడేకొద్దీ మొహం పోలిక చెదిరింది. కానీ నాలుగు గుర్తులు మాత్రం ఎక్కడా చెదరలేదు: కోటు, పుస్తకం, వేలు, బూట్లు. ఇవి అలంకారాలు కావు, అక్షరాలు. దొర ముందు వేలెత్తి మాట్లాడకూడని ఊళ్లో వేలు ఎత్తాడు. ఊరి బజారులో చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్ల కళ్లెదుట బూట్లు వేసుకుని నిలబడ్డాడు. బడికి పోనివ్వనివాళ్ల ముందు పుస్తకం పట్టుకున్నాడు. చదువురాని మా అమ్మ చదివిన మొదటి పుస్తకం ఆ విగ్రహమే. పోలిక కంటే అర్థం ముఖ్యమని జనం తేల్చిన శిల్పం అది. జె.జె. స్కూలు కొలతతో చూస్తే అది తప్పుల తడక. ఆ కొలత మార్చుకోవాల్సింది విమర్శకులే.

మా పల్లెలో విగ్రహం పెట్టినప్పుడు నేను నాలుగో తరగతి. మిరపకాయల కోతల కాలం. ఇంటికి రెండు రోజుల కూలి చొప్పున పోగేశారు. డబ్బు లేనివాళ్లు ఇసకా కంకరా మోశారు. పట్నం నుంచి ట్రాక్టర్‌లో వరిగడ్డి పరిచి, దాని మీద పడుకోబెట్టి తెచ్చారు. విప్పి చూస్తే మొహం అంబేద్కర్‌లా లేదు. అచ్చం మా పెదనాయనలా బుగ్గలు లోతుకుపోయి ఉన్నాయి. కుర్రాళ్లు కొంచెం నిరాశపడ్డారు. ముసలమ్మలు మాత్రం 'మనోడే' అన్నారు. రెండేళ్లకి ఒక రాత్రి ఎవరో వేలు విరగ్గొట్టారు. పొద్దున్నే పల్లెంతా అక్కడ చేరింది, పనికి ఎవరూ పోలేదు. పోలీసులొచ్చారు, వెళ్లారు. మూడోరోజు మా పల్లెలోనే ఉన్న తాపీ మేస్త్రి ఇనపతీగ చుట్టి, సిమెంటు పూసి కొత్త వేలు పెట్టాడు. అది పాతదానికంటే కాస్త పొడుగొచ్చింది. ఇప్పటికీ అట్లాగే ఉంది. ఎవరూ సరిచేయమనలేదు.

2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయం పక్కన, సుతార్ చేసిన 125 అడుగుల అంబేద్కర్‌ని ఆవిష్కరించారు. 2016లో శంకుస్థాపన జరిగింది. 50 అడుగుల దిమ్మెని పార్లమెంటు భవనం ఆకారంలో కట్టారు. లోపల 360 టన్నుల ఉక్కు, పైన 114 టన్నుల కంచు, ఖర్చు 146 కోట్లకి పైమాట. హెలికాప్టర్‌తో పూలు చల్లారు. ఆ ఎండాకాలమే అమ్మని తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు తలెత్తి చూసింది. 'ఎండకి కళ్లు నిలవట్లేదు, మొహం ఎట్టుందో నువ్వు చెప్పు' అంది. నేను సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి, వేళ్లతో పెద్దది చేసి చూపించాను. 'బాగుంది, అచ్చం ఆయనే' అంది. కాసేపాగి, 'కాళ్లు కడగడానికి అందవు గదా' అంది.

విమర్శకు కావాల్సిందంతా ఆ రెండు మాటల్లో ఉంది. సుతార్ పోలికలో మొనగాడు. కళ్లద్దాల వెనక చూపు, కోటు మడతలు, చెయ్యి చాచినప్పుడు భుజం దగ్గర గుడ్డ లాగిన తీరు, అన్నీ కచ్చితంగా ఉన్నాయి. కానీ ఆ ఎత్తులో ఆ పోలిక మనిషి కంటికి అందదు. కింద నిలబడ్డవాడికి బూట్లూ కోటు అంచూ గడ్డం కిందిభాగమూ కనిపిస్తాయి. మొత్తం కనబడాలంటే దూరం పోవాలి, దూరం పోతే మొహం చిన్నదవుతుంది. అంటే ఆయన జీవితాంతం సాధించిన విద్యని ఆయనకొచ్చిన ఆర్డరే మింగేసింది. మా పల్లె విగ్రహంలో పోలిక లేదు, చేరువ ఉంది. ఇక్కడ పోలిక ఉంది, చేరువ లేదు. అన్నట్టు, ఎదురుగా చెరువులో గణపతి స్థపతి చెక్కిన ఏకశిలా బుద్ధుడున్నాడు. 1990 మార్చిలో పడవతో పాటు నీళ్లలో మునిగి, మనుషుల ప్రాణాలు పోయాక, 1992 డిసెంబరులో లేచి నిలబడ్డ బుద్ధుడు. ఒడ్డున అంబేద్కర్, నీళ్ల మధ్య బుద్ధుడు ఒకే చూపులో కనబడే చోటు అది. ఆ సంబంధాన్ని చూసే శక్తి మనకి ఉండాలి.

అయితే చేరువ, దూరం అనేవి ఎత్తుకి సంబంధించినవి మాత్రమే కావు. ఎవరు చేయించారు అనేదానికి సంబంధించినవి. ఇదే నగరంలో 2019 ఏప్రిల్‌లో, సరిగ్గా జయంతి ముందు, పంజాగుట్టలో పెట్టిన అంబేద్కర్ విగ్రహాన్ని అనుమతి లేదని మునిసిపల్ సిబ్బంది తీసేశారు. అది చెత్త వాహనంలో డంపింగ్ యార్డుకి చేరింది, ముక్కలైంది. నాలుగేళ్లకి 125 అడుగులు లేచింది. ఈ రెండూ వేర్వేరు కథలు కావు. జనం తమంతట తాము నిలబెడితే అక్రమం, రాజ్యం నిలబెడితే గౌరవం. 2024 జూన్‌లో పార్లమెంటు ఆవరణలో వాఘ్ చేసిన అంబేద్కర్‌నీ, సుతార్ చేసిన గాంధీనీ వాటి చోటునుంచి కదిలించి 'ప్రేరణా స్థల్' అనే మూలకి చేర్చారు. రాజ్యం ఇచ్చిన విగ్రహాన్ని రాజ్యమే కదిలిస్తుంది. మా పల్లె విగ్రహాన్ని కదిలించాలంటే ముందు మా పల్లెని కదిలించాలి. 1997 జులై 11న ముంబయి రమాబాయి నగర్‌లో విగ్రహానికి చెప్పుల దండ వేసినందుకు జనం రోడ్డెక్కితే పోలీసు కాల్పుల్లో పదిమంది చచ్చిపోయారు. వాళ్లు ప్రాణాలిచ్చింది సిమెంటు కోసం కాదని వేరే చెప్పక్కర్లేదు.

నేను 125 అడుగుల విగ్రహం వద్దనడం లేదు. సచివాలయానికి వెళ్లే ప్రతి అధికారీ ఆ వేలు చూసి లోపలికి పోవాలి, పోనివ్వండి. సుతార్‌ని తక్కువ చేయడమూ లేదు. పద్మశ్రీ (1999), పద్మభూషణ్ (2016) ఆయన పేరుకొచ్చాయి. వడ్రంగి చేతికి పేరు దక్కడం చిన్న సంగతి కాదు. కానీ ఒకరికి దక్కిన పేరు మిగతా వేలమందికి ఎందుకు దక్కలేదో అడగడమే మన పని. చెక్కిన చెయ్యీ, డబ్బు కట్టిన చెయ్యీ, దండ వేసే చెయ్యీ ఎక్కడెక్కడ ఒకటయ్యాయో, ఎక్కడెక్కడ విడిపోయాయో చూడటమే దళిత కళావిమర్శ మొదటి పాఠం కావాలి. చంబల్ దేవి దగ్గర కట్టినవాడు రాజ్యమే అయినా చెక్కిన చెయ్యి కనబడుతుంది. పటేల్ దగ్గర అది కూడా కనబడదు. పల్లె అంబేద్కర్ దగ్గర కట్టినవాళ్లూ కొలిచేవాళ్లూ ఒకరే.

ఈ పని పుస్తకాల్లో దొరకదు. ఊరూరా తిరగాలి. ఏ పల్లెలో విగ్రహం ఎప్పుడు లేచింది, ఎంత కూలి పోగైంది, అచ్చు ఎక్కడిది, రంగు ఎవరు వేశారు, ఎవరు విరగ్గొట్టారు, ఎవరు అతికించారు అని అడిగి రాసుకోవాలి. సిమెంటుకి ఆయుష్షు తక్కువ. ఇప్పటికే చాలాచోట్ల పాతవి తీసేసి ఫైబర్‌వి, కంచువి పెడుతున్నారు. పాతవాటితో పాటు వాటి కథా పోతుంది. మా పల్లె వేలు అతికించిన మేస్త్రి పోయిన సంక్రాంతికి కనిపించాడు. కళ్లు సరిగ్గా కనబడటం లేదు. వేలు పొడుగెందుకొచ్చిందని అడిగాను. 'తీగ పొడుగ్గా కట్ చేశా. మళ్లీ ఇరగ్గొడితే ఇంకో కణుపు మిగలాలని' అన్నాడు. ఏ శిల్పశాలా నేర్పని కొలత అది. ఎవరి పుస్తకంలోనూ ఇంకా ఎక్కలేదు.